హెచ్‌ఓఏ లాయరు మన లాయరు కాదు: ఉత్తర టెక్సస్ తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

ఉత్తర టెక్సస్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

పోయిన ఉగాది వేడుకలో మీరు పెట్టించిన స్టాళ్లన్నీ తిరిగి చూశాను. ఇళ్లు చూపించే ఏజెంట్లు, అప్పులు ఇప్పించేవారు, బీమావారు, ఇమిగ్రేషన్ లాయర్లు, పన్నుల లెక్కలు చూసేవారు, పిల్లల కోచింగ్ సెంటర్లు అన్నీ ఉన్నాయి. ఇల్లు కొనేదాకా కావలసినవారంతా ఒకే హాల్లో దొరికారు. కొన్న ఇంటికి చిక్కు వచ్చినప్పుడు పక్కన నిలబడే మనిషి మాత్రం ఒక్కరూ కనిపించలేదు. ఈ ఉత్తరం రాయాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

మాది కాలిన్ కౌంటీ. ఇల్లు కొని పద్నాలుగేళ్లు దాటింది. ఏడాదికోసారి హెచ్‌ఓఏకు, అంటే మా కాలనీ ఇంటి యజమానుల సంఘానికి, కట్టే రుసుము ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. 2022 చివర్లో మా అత్తగారికి జబ్బు చేస్తే నేనూ మావారూ రాజమండ్రి వెళ్లి నాలుగున్నర నెలలు ఉండిపోయాం. ఆ మధ్యలో మా హెచ్‌ఓఏ తన మేనేజ్‌మెంట్ కంపెనీని మార్చింది. బ్యాంకు నుంచి దానంతట అదే వెళ్లే చెల్లింపు పాత కంపెనీకి వెళ్లి తిరిగి మా ఖాతాలోనే పడింది. ఆసుపత్రి హడావిడిలో మేం అది గమనించలేదు. పక్కింటివారు మా పోస్టు తీసి ఒక అట్టపెట్టెలో దాచారు. సర్టిఫైడ్ మెయిల్‌కు మాత్రం సంతకం కావాలి కాబట్టి అది వెనక్కి వెళ్లిపోయింది. మేం తిరిగి వచ్చేసరికి 640 డాలర్ల బాకీ 2,300 దాటింది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం లాయరు ఫీజే. ఇంటి మీద లియన్ (బాకీ తీరేదాకా ఇంటి మీద ఉండే హక్కు) నమోదు చేస్తామని, అప్పటికీ కట్టకపోతే వేలం కోసం కోర్టుకు వెళ్తామని చివరి ఉత్తరంలో ఉంది.

అప్పుడు నేను చేసిన పని మీకు చెప్పాలి. మనవాళ్లలో చాలామంది చేసేది అదే. ఆ ఉత్తరం కింద సంతకం చేసిన లాయరు ఆఫీసుకే ఫోను చేశాను. ‘మీ అసోసియేషన్ తరఫున’ అని ఉత్తరంలో ఉంది కదా, మేం కట్టే డబ్బుతోనే కదా వారికి ఫీజు వెళ్తుంది, కాబట్టి వారు మావారే అనుకున్నాను. అత్తగారి జబ్బు, బ్యాంకు సంగతి, పక్కింటివారి అట్టపెట్టె అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పొరపాటు మాదేనని, ఉత్తరాలు చూసుకోలేదని ఒప్పుకున్నాను. అటువైపు ఉన్నావిడ ఎంతో మర్యాదగా విన్నారు. వారం తర్వాత వచ్చిన ఉత్తరంలో నేను చెప్పిన మాటలు నాకే తిరిగి వచ్చాయి: బాకీ ఉన్నట్టు యజమానురాలు ఫోనులో అంగీకరించారు. ఆ ఫోను మాట్లాడినందుకు అయిన సమయం కూడా మా ఖాతాలో చేరింది.

ఆ లాయరు తప్పు చేశారని నేను అనడం లేదు. వారి క్లయింటు హెచ్‌ఓఏ అనే కార్పొరేషన్. దాని బోర్డు చెప్పినట్టు పనిచేయడమే వారి వృత్తి. ఆ కార్పొరేషన్‌లో నేనూ సభ్యురాలినే, కానీ సభ్యురాలైనంత మాత్రాన క్లయింటును కాను. ఈ ఒక్క సంగతి నాకు పద్నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఇల్లు కొన్న రోజు నిబంధనల పత్రం మీద సంతకం పెట్టించుకున్నవారూ చెప్పలేదు. మనవాళ్ల ప్రతి ఇంటికీ చేరాలని నేను కోరుకునే మాట ఇదే, మీ ద్వారా చేరాలన్నదే నా కోరిక.

సొంత లాయరు కోసం వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అసలు కష్టం అక్కడే ఉందని. ముందు మా గ్రీన్ కార్డు పని చూసిన ఇమిగ్రేషన్ లాయరుకు ఫోను చేశాను. తనకు ఈ చట్టం తెలియదని నిజాయితీగా చెప్పారు. ఇల్లు కొనిపెట్టిన ఏజెంటు ఒక పేరు ఇచ్చారు. ఆ ఆఫీసు మా కాలనీ పేరు అడిగి, పది నిమిషాల తర్వాత తిరిగి ఫోను చేసి, మా హెచ్‌ఓఏ మేనేజ్‌మెంట్ కంపెనీ తమ పాత క్లయింటు కాబట్టి మా పని తీసుకోలేమన్నారు. మూడో చోట అయిదు వేల డాలర్లు ముందుగా జమ చేయమన్నారు. రెండు వేల చిల్లర గొడవకు అయిదు వేల రిటైనర్ ఏమిటని మావారు ఫోను పెట్టేశారు. నాలుగో చోట మేం హెచ్‌ఓఏల తరఫున మాత్రమే పనిచేస్తామన్నారు. అయిదో చోటా అదే మాట.

ఎందుకిలా అని తర్వాత ఆలోచించాను. ఒక హెచ్‌ఓఏ లాయరుకు ఏళ్ల తరబడి పని ఇస్తుంది. నిబంధనలు మార్చాలన్నా, బాకీలు వసూలు చేయాలన్నా, కాంట్రాక్టు రాయాలన్నా అదే ఆఫీసుకు వెళ్తుంది. ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ చేతిలో పదుల కొద్దీ కాలనీలు ఉంటాయి. ఇంటి యజమాని జీవితంలో ఒక్కసారి, అదీ వెయ్యి రెండు వేల డాలర్ల వివాదంతో వస్తాడు. అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవారిలో ఎక్కువమంది అటువైపే ఉంటారు. ఇటువైపు నిలబడేవారు తక్కువ, కానీ లేకపోలేదు. వారిని వెతికే దారి మనకు తెలియదు.

నాకు దారి చూపింది ఈ రాష్ట్ర లాయర్ల సంస్థ అయిన స్టేట్ బార్ ఆఫ్ టెక్సస్ నడిపే లాయర్ రిఫరల్ సేవ. అరగంట సంప్రదింపుకు 20 డాలర్లు. వారు పంపిన లాయరు ఆస్తి తగాదాలు చూసే మనిషే గానీ హెచ్‌ఓఏ నిపుణుడు కాదు. ఆ మాట మొదటే చెప్పి, మిగిలిన సమయమంతా సరైన మనిషిని ఎలా వెతకాలో చెప్పడానికి కేటాయించారు. ఆ అరగంటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆయన చెప్పినవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది కోర్టు రికార్డుల మాట. కౌంటీలో దాఖలైన సివిల్ కేసులను కంప్యూటర్‌లోనే వెతకవచ్చు. మన హెచ్‌ఓఏ పేరో, చుట్టుపక్కల పెద్ద కాలనీల పేర్లో పెట్టి వెతికి, ఇంటి యజమాని పక్షాన సంతకం చేసిన లాయరు ఎవరో చూడమన్నారు. ప్రకటనల్లో అందరూ అన్నీ చేస్తామంటారు, కేసు కాగితం మీద మాత్రం ఎవరు ఎవరి పక్షాన నిలబడ్డారో రాసి ఉంటుంది. రెండు రాత్రులు కూర్చుని వెతికితే మూడు పేర్లు దొరికాయి. వారిలో ఒకావిడ మా పని ఒప్పుకున్నారు.

టెక్సస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ఈ రంగానికి, అంటే ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ చట్టానికి, విడిగా ధ్రువీకరణ ఇస్తుంది. ఆ జాబితా అందరూ చూడవచ్చు. అయితే ధ్రువీకరణ విద్యకు కొలమానం, పక్షానికి కాదు. హెచ్‌ఓఏ రంగానికి చెందిన కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ జాబితాలోనూ అంతే, అక్కడ కనిపించే లాయర్లు ప్రధానంగా హెచ్‌ఓఏలకు పనిచేసేవారు. కాబట్టి ఎవరికి ఫోను చేసినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: గడచిన రెండు మూడేళ్లలో ఇంటి యజమానుల పక్షాన ఎన్ని పనులు చేశారు, హెచ్‌ఓఏల పక్షాన ఎన్ని చేశారు? సమాధానం దాటవేస్తే ఇంకొకరికి ఫోను చేయండి. రెండో ప్రశ్న: పూర్తి కేసు తీసుకోకుండా, పత్రాలు చదివి ఒక ఉత్తరం రాసిపెట్టడానికి ఇంతని ఒకే మొత్తం చెప్పగలరా? చాలా గొడవలు ఆ ఒక్క ఉత్తరంతో తెగిపోతాయి. మా గొడవ అలాగే తెగింది.

మా పని ఒప్పుకున్న లాయరు తీసుకున్న ఫీజు 350 డాలర్లు. నా దగ్గర ఉన్న కాగితాలన్నీ పంపమన్నారు. మాకు అందని ఆ సర్టిఫైడ్ ఉత్తరం నకలును హెచ్‌ఓఏ రికార్డుల నుంచి తెప్పించారు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం ప్రకారం యజమాని రాతపూర్వకంగా కోరితే పది పనిదినాల్లో రికార్డులు చూపించాలి. ఆ ఉత్తరం చదవడానికి ఆవిడకు అయిదు నిమిషాలు పట్టింది. బాకీ వసూలుకు పెట్టే లాయరు ఫీజును యజమాని మీద వేయాలంటే హెచ్‌ఓఏ ముందుగా సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి. ఏ బాకీ ఎంతో అందులో విడివిడిగా రాయాలి, వాయిదాల పద్ధతి ఉందని చెప్పాలి, కనీసం 45 రోజులు గడువు ఇవ్వాలి. 2021 సెప్టెంబర్ 1న అమలులోకి వచ్చిన సవరణలకు ముందు ఆ గడువు 30 రోజులే ఉండేది. మా నోటీసులో వాయిదాల మాట లేదు, గడువు కూడా పాత 30 రోజులే. ఎవరో పాత నమూనా కాగితం మీద తేదీలు మార్చి పంపారు. మా లాయరు రెండు పేజీల ఉత్తరం రాశారు. మూడు వారాల్లో లాయరు ఫీజు మొత్తం కొట్టేశారు. 640 డాలర్లు, దాని మీద ఆలస్యపు రుసుము కట్టాం. అది మేం కట్టవలసిందే.

ఆ 2,300 కట్టేయడానికి మావారు అప్పటికే చెక్కు పుస్తకం తీశారన్నది కూడా చెప్పాలి. గొడవ ఎందుకు, కట్టేద్దాం అన్నారు. మన ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో మీకూ తెలుసు. వీసా మీద ఉన్న కుర్రవాళ్లయితే లాయరు పేరుతో ఉత్తరం రాగానే వణికిపోతారు. హెచ్‌ఓఏ రుసుము గొడవ ఒక సివిల్ బాకీ వివాదం, నేరం కాదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా పెద్దవారు చెబితే సగం ఇళ్లలో ఆ రాత్రి నిద్ర పడుతుంది.

మా వీధి చివర ఒక వదినగారు ఇంటి ముందు చిన్న తులసి కోట కట్టించుకున్నారు. కట్టిన రెండు నెలలకు ముందస్తు అనుమతి లేని నిర్మాణమని నోటీసు వచ్చింది. ఆవిడ మర్నాడే మనిషిని పిలిపించి కోట తీయించేశారు. మొక్కను గరాజ్‌లో కుండీలో పెట్టారు, చలికాలంలో అది చచ్చిపోయింది. అప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు చూశాను. తర్వాత నా లాయరును ఈ సంగతి అడిగితే ఆవిడ ప్రాపర్టీ కోడ్‌లో 202.018 చదవమన్నారు. మనస్ఫూర్తిగా నమ్మే మతాచారం కొద్దీ యజమాని తన ఇంటి మీద, తన స్థలంలో పెట్టుకునే మతపరమైన వస్తువులను హెచ్‌ఓఏ నిషేధించకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2011లో చేసినప్పుడు అది గుమ్మానికే పరిమితం, వస్తువులన్నీ కలిపి 25 చదరపు అంగుళాలు దాటకూడదు. 2021లో ఆ కొలత తీసేసి స్థలమంతటికీ వర్తింపజేశారు. మినహాయింపులు ఉన్నాయి: ప్రజల భద్రతకు ముప్పు కలిగించేవి, వీధికి వదలవలసిన హద్దు దాటి కట్టినవి, హెచ్‌ఓఏ సొంత స్థలంలో పెట్టినవి. వదినగారి కోట ఆ హద్దులో ఉందో లేదో కొలిచి చూసినవారు లేరు. ఒక లాయరుకు 20 డాలర్లు ఇచ్చి అడిగి ఉంటే ఆ రోజు గొడ్డలి పడేది కాదేమో.

అడగడానికి గడువు కూడా ఉంటుంది. నిబంధన ఉల్లంఘించారని నోటీసు వస్తే, బోర్డు ముందు మన మాట వినిపించుకునే హక్కు ఉంది. అది ఎప్పటిలోగా కోరాలంటే, హెచ్‌ఓఏ ఆ నోటీసును పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోగా. మన చేతికి అందిన తేదీ నుంచి కాదు. ఊరు వెళ్లివచ్చినవారికి, సర్టిఫైడ్ మెయిల్ చీటీ చూసి పక్కన పడేసేవారికి ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. విచారణ కోరితే, తాము వాడబోయే ఫొటోలు, పత్రాలు బోర్డు పది రోజుల ముందు మనకు ఇవ్వాలి. ఇవ్వకపోతే విచారణ 15 రోజులు వాయిదా కోరవచ్చు. 2024 జనవరి 1 నుంచి ఏ తప్పుకు ఎంత జరిమానానో హెచ్‌ఓఏ ముందుగా రాసి ప్రకటించాలి. ఆ పట్టిక అడిగి తెప్పించుకున్న తెలుగువారు మన కాలనీల్లో ఎందరు ఉంటారు? నేను అడిగినవారిలో ఒక్కరూ లేరు.

ఇక్కడ మన తల్లిదండ్రుల మాట ఒకటి. ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. పోస్టుమ్యాన్ సంతకం అడిగితే ఎవరికో ఏదో రాసిచ్చినట్టవుతుందని భయపడి తలుపు తీయరు. తప్పు వారిది కాదు, మనం చెప్పకపోవడమే. సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నంత మాత్రాన ఏదీ ఒప్పుకున్నట్టు కాదని వారికి మీ సీనియర్ల సమావేశాల్లో చెప్పండి.

మనవాళ్ల ఫోను సందేశాల్లో తిరిగే సలహాల గురించి కూడా రాయకుండా ఉండలేను. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘టెక్సస్‌లో సొంత ఇంటిని ఎవరూ తీసుకోలేరు, హోమ్‌స్టెడ్ రక్షణ ఉంది’ అన్నది. ఆ రక్షణ టెక్సస్ రాజ్యాంగంలో ఉన్నమాట నిజం. కానీ ఇల్లు కొనడానికి ముందే ఆ స్థలానికి అంటుకుని ఉన్న రుసుము నిబంధన హోమ్‌స్టెడ్ కంటే ముందుదని, కాబట్టి హెచ్‌ఓఏ లియన్‌ను వేలం దాకా తీసుకువెళ్లవచ్చని టెక్సస్ సుప్రీం కోర్టు 1987లోనే తీర్పు చెప్పింది. మన ఫ్రిస్కోలోనే 2008లో ఇది జరిగింది. ఇరాక్‌లో విధుల్లో ఉన్న ఒక సైనికాధికారి ఇంటిని వెయ్యి డాలర్లలోపు హెచ్‌ఓఏ బాకీకి వేలం వేశారు. అప్పు ఏమీ లేని ఆ ఇల్లు మూడు లక్షల డాలర్లు పైగా విలువ చేసేది, 3,500 డాలర్లకు పోయింది. దాన్ని తిరిగి దక్కించుకోవడానికి ఆ కుటుంబం 2010 దాకా పోరాడింది. తర్వాత 2011లో చట్టం మార్చి, రుసుము బాకీకి వేలం వేయాలంటే ముందు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలన్నారు. ఉట్టి జరిమానాల కోసం, వాటి లాయరు ఫీజు కోసం ఇంటిని వేలం వేయకూడదనే నియమమూ ఉంది. వేలం జరిగిపోయినా, ఆ సంగతి మనకు రాతపూర్వకంగా పోస్టు చేసిన నాటి నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టి ఇంటిని విడిపించుకోవచ్చు. ఈ రక్షణలన్నీ ఉన్నాయి, కానీ వాటిని అడిగి తీసుకోవాలి. అందుకే లాయరు.

మరో సలహా కాలిఫోర్నియా నుంచి వస్తుంది. అక్కడి బావగారో తమ్ముడో ‘1,800 డాలర్ల లోపు ఉండి, ఏడాది కూడా నిండని బాకీకి వేలం ఉండదు’ అని ధైర్యం చెబుతారు. ఆ మాట అక్కడ నిజం. ఇక్కడి చట్టంలో అలాంటి గీత లేదు. ఏ రాష్ట్రంలో ఇల్లు ఉందో ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరే కావాలి.

అర్వింగ్‌లో, డౌన్‌టౌన్ డాలస్‌లో కాండో (అపార్ట్‌మెంటు భవనంలో సొంత యూనిట్) కొన్న కొత్త దంపతులకు ఇంకో చిక్కు. నేను ఇప్పటిదాకా చెప్పిన 209వ అధ్యాయం కాండోలకు వర్తించదు. వారిది 82వ అధ్యాయం, 1994 నుంచి అమలులో ఉన్న యూనిఫాం కాండోమినియం చట్టం. అందులో నోటీసుల పద్ధతి వేరు, వేలం దారి వేరు. వేలంలో అసోసియేషనే ఆ యూనిట్‌ను కొంటే విడిపించుకునే గడువు 90 రోజులే. పైకప్పు కారితే అది ఎవరి బాధ్యత, గోడ లోపలి పైపు ఎవరిది అనే ప్రశ్నలకు జవాబు కాండో డిక్లరేషన్ అనే మూల పత్రంలో ఉంటుంది. దాన్ని చదవడమే ఒక విద్య. విడి ఇళ్ల హెచ్‌ఓఏ పనులు మాత్రమే చేసిన లాయరు కాండోకు సరిపోకపోవచ్చు. ఫోనులో మొదటే అడిగి తెలుసుకోవాలి.

లాయరు అక్కరలేని పనులూ ఉన్నాయి, వాటికి డబ్బు పోయకూడదు. మన హెచ్‌ఓఏను ఏ కంపెనీ నడుపుతోంది, ఎవరికి రాయాలి అన్నది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ దగ్గర దాఖలైన మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. రికార్డులు కోరడం, వాయిదాలు కోరడం మనమే చేయవచ్చు. పద్నాలుగు ఇళ్లకు మించిన హెచ్‌ఓఏలు కనీసం మూడు నెలల వాయిదా పద్ధతి పెట్టాలి. 20,000 డాలర్ల లోపు డబ్బు తగాదాను జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు. కానీ హెచ్‌ఓఏ మన మీద దావా వేస్తే, ఇంటి మీద లియన్ వేస్తామంటే, వేలం అనే మాట కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. నిబంధన ఉల్లంఘన మీద దావా వేసి గెలిచినవారికి ఓడిన పక్షం లాయరు ఖర్చు కట్టాలి. ఆలస్యమైన కొద్దీ ఆ మీటరు మన మీదే తిరుగుతుంది. వసూలు ఉత్తరం లాయరు దగ్గర నుంచి వస్తే, అందిన 30 రోజుల్లోగా బాకీకి రుజువు చూపమని రాతపూర్వకంగా అడగవచ్చు. 1977 నాటి ఫెడరల్ బాకీ వసూలు చట్టం ఇచ్చిన హక్కు అది. బాకీలు వసూలు చేసే లాయర్లకూ ఆ చట్టం వర్తిస్తుందని 1995లో అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది.

హెచ్‌ఓఏ బోర్డుల్లో కూర్చున్న తెలుగువారు మీ సంఘాల్లోనూ ఉన్నారు, వారికీ ఒక మాట. మీరు జీతం లేకుండా చేసే పని ఎంత కష్టమో నాకు తెలుసు, ఈత కొలను, పార్కు, కంచె అన్నీ మీరు చూడబట్టే నడుస్తున్నాయి. బాకీ ఫైలును లాయరుకు పంపే ముందు ఆ ఇంటి తలుపు ఒక్కసారి తట్టండి. చట్టం అడగకపోయినా తట్టండి. మా బోర్డులో మనవారే ఇద్దరు ఉన్నారు, వారి పిల్లలు మా అమ్మాయితో కలిసి కూచిపూడి నేర్చుకున్నారు. మేం రాజమండ్రిలో ఉన్నామని వారికి తెలుసు. వారిలో ఒక్కరు మావారికి ఫోను చేసి ఉంటే 640 డాలర్లు ఆ రాత్రే వెళ్లిపోయేవి. నాకు వారి మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ఆ మాట దాచను.

ఇప్పుడు మిమ్మల్ని కోరేది. ఏడాదికి రెండుసార్లు, శనివారం ఒక పూట, ఇంటి యజమానుల పక్షాన పనిచేసే లాయరును పిలిచి సంప్రదింపుల శిబిరం పెట్టండి. పన్నుల కాలంలో, ఇమిగ్రేషన్ కోసం పెడుతున్నవాటిలాగే. ఉచితం కాకపోయినా ఫరవాలేదు, స్టేట్ బార్ సేవకు కట్టే ఆ 20 డాలర్లే తలా కడతాం. పిలిచే ముందు వారిని రాతపూర్వకంగా అడగండి, డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో ఏ హెచ్‌ఓఏలకు, ఏ మేనేజ్‌మెంట్ కంపెనీలకు పనిచేశారో. స్పాన్సర్‌షిప్ ఇచ్చారు కదా అని ఒక లాయరు పేరును వేదిక మీద సిఫారసు చేయకండి. జనం ఆ మాటను మీ హామీగా తీసుకుంటారు. పాత కేసుల రికార్డుల నుంచి పేర్లు ఏరి, ఒక్కొక్కరితో మాట్లాడి, సభ్యులకు ఇవ్వడానికి ఒక పట్టిక తయారు చేయండి. దానికి మనుషులు కావాలంటే నేను వస్తాను. మావారూ వస్తారు. ఆ రోజు చెక్కు పుస్తకం లోపల పెట్టేసినందుకు ఆయన ఇప్పుడు సంతోషిస్తున్నారు.

నోటీసు వచ్చిన రోజే చూడవలసిన విషయాలు ఒక పేజీలో తెలుగులో రాసి ఇవ్వాలని కూడా అనుకుంటున్నాను. పోస్టు చేసిన తేదీ ఎక్కడ ఉంటుంది, 30 రోజులు ఎలా లెక్కపెట్టాలి, ఫోను చేయకుండా ఉత్తరం ఎలా రాయాలి, ఏమి ఒప్పుకోకూడదు. సగం రాశాను. నా లాయరు చదివి తప్పులు దిద్దుతామని ఒప్పుకున్నారు.

మా ఇంట్లో ఆ ఉత్తరాల కట్ట ఇంకా ఉంది, వెనక్కి వెళ్లి వచ్చిన సర్టిఫైడ్ కవరు నకలుతో సహా. మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో నాకు పదిహేను నిమిషాలు ఇవ్వండి. కట్ట పట్టుకుని వస్తాను. తేదీ, చోటు చెబితే చాలు.

ఇట్లు,
కాలిన్ కౌంటీలో ఒక ఇంటి యజమానురాలు